పడవని నమ్ముకున్న ఈత

నాంచారమ్మకి నీళ్ళలో తల ఎత్తి ముందుకు చూసే అలవాటు లేదు. ఆమె గొప్పతనమంతా అందులోనే ఉంది. ఆమె కొంప ముంచిందీ అదే.

ఇది కాస్త విడమరిచి చెప్పాలి. కాలవలో సరదాకి ఈదేవాళ్ళు మాటిమాటికీ తల ఎత్తి ఎటు పోతున్నామో చూసుకుంటారు. నదిలో ఇరవై కిలోమీటర్లు ఫ్రీస్టైల్ ఈదేవాళ్ళకి ఆ భోగం లేదు. తల ఎత్తినప్పుడల్లా నడుము కిందికి జారుతుంది, అందుకున్న వేగం అక్కడే చస్తుంది. అందుకని పక్కనే ఒక పడవ వస్తుంది. ఈదే మనిషి మొహం నీళ్ళలో పెట్టి, ఊపిరి కోసం పక్కకి తిరిగినప్పుడు ఆ పడవని చూసుకుంటూ పోవాలి. దారి చూసుకోవడం పడవవాడి పని. నాంచారమ్మ ఎప్పుడూ ఎడమ పక్కకే తిరిగి ఊపిరి పీల్చేది. ఎడమ పక్క పడవ, పడవలో గెడ పట్టుకుని వాళ్ళ నాన్న పోలరాజు. ఐదు గంటలు ఈదితే ఐదు గంటలూ ఆమెకి కనబడే లోకం అంతే.

పోలరాజుది నాగాయలంక దగ్గర మడపాలెం. డెబ్భై గడపల ఊరు. డెబ్భై గడపలకీ వల తప్ప వేరే ఆధారం లేదు. అలాంటి ఊళ్ళో మనిషికి మనిషి అడ్డం పడితే అందరూ కలిసి మునుగుతారు కాబట్టి అక్కడొక పద్ధతి ఉంది. పెద్దలు రేవులో కూర్చుని ఒక మాట అనుకుంటే అది కట్టుబాటు. దాటినవాడి పడవ రేవులో దిగదు, వాడి చేపని ఎవరూ కొనరు, వాడింటి గడప ఎవరూ తొక్కరు. కట్టుబాటుని బయటపెట్టినవాడికీ అదే శిక్ష. పోలీసులకి జంకని మగాళ్ళు కూడా ఆ మాటకి గజగజలాడతారు.

నాంచారమ్మ డెబ్భై ఏడు ఉప్పెన పోయిన మూడేళ్ళకి పుట్టింది. నడకకంటే ముందు ఈత వచ్చిందని ఊళ్ళోవాళ్ళు గొప్పగా చెబుతారు గానీ, అవన్నీ కోతలు. ఐదో ఏట వచ్చింది. అదీ మూడు మునకలు మునిగి, ముక్కులోకి నీళ్ళు పోయి, వాళ్ళమ్మ రావమ్మ చేత వీపు విమానం మోత మోగించుకున్నాక వచ్చింది. వచ్చాక మాత్రం ఇంక ఆ పిల్లని గట్టు మీద చూసినవాళ్ళు లేరు.

తొంభై రెండులో నాగాయలంకలో పడవ పందేలు జరిగాయి. విజయవాడ నుంచి మణికుమార్ అనే ఈత మాస్టారు వాటికి న్యాయనిర్ణేతగా వచ్చాడు. పందేల మధ్యలో కుర్రాళ్ళు అవతలి ఒడ్డు దాకా ఈదుతామని పందెం కాసుకుంటే, పన్నెండేళ్ళ నాంచారమ్మ లంగా ఎగదోపి వాళ్ళ వెనకాలే దూకింది. అవతల ఒడ్డుకి మొదట చేరింది ఆ పిల్లే. మణికుమార్ చేతిలో సోడా చేతిలోనే ఉండిపోయింది.

"ఏవండీ, ఈ పిల్ల మీ అమ్మాయేనా? నాకప్పజెప్పండి. చాంపియన్ని చేసి చూపిస్తాను," అన్నాడు పోలరాజుతో.

"ఆడపిల్లండీ బాబూ. బస్తీలో ఎక్కడుంటదండీ?"

ఉండడానికి చోటు దొరికింది. రావమ్మ చెల్లెలు మణెమ్మకి విజయవాడ వన్ టౌన్‌లో ఎండుచేపల కొట్టు. కొట్టు వెనక గదిలో పిల్ల పడుకుంది. తెల్లారి అయిదింటికి ఈత కొలను, తొమ్మిదింటికి బడి, సాయంత్రం మళ్ళీ కొలను. మొదటిరోజు కొలను చూసి, "ఇందులో ఈది ఎక్కడికి పోతాం సార్? అటూ గోడే, ఇటూ గోడే," అని అడిగితే మణికుమార్ పగలబడి నవ్వాడట. బళ్ళో పిల్లలు బట్టలు వాసనొస్తున్నాయని దూరం జరిగేవాళ్ళు. జరిగితే జరగనీ, పక్కన చోటు ఎక్కువ దొరుకుతుందనుకుంది నాంచారమ్మ. ఆ మాట ఆమె ఇప్పటికీ నవ్వుతూనే చెబుతుంది.

నదిలోకి దింపేసరికి అసలు సంగతి బయటపడింది. పదిహేనో ఏట మొదలుపెట్టి వరసగా మూడేళ్ళు, ఇబ్రహీంపట్నం ఫెర్రీ నుంచి దుర్గా ఘాట్ దాకా జరిగిన రాష్ట్ర పోటీలో ఆమెదే మొదటి స్థానం. పక్కన పడవ నడపడానికి ప్రతిసారీ పోలరాజే వచ్చాడు. మాస్టారు వేరే మనిషిని పెడతానంటే నాంచారమ్మ ఒప్పుకునేది కాదు. "మా నాన్న గెడ వేసిన చోట నీళ్ళు నాకు దారిస్తాయి సార్," అనేది. పేపర్లో ఫోటో పడితే మడపాలెంలో దాన్ని పటం కట్టించి రేవులో టీకొట్టుకి తగిలించారు. ఆ మూడేళ్ళూ రెండో స్థానంలో వచ్చిన పిల్ల పేరు పద్మశ్రీ.

పద్మశ్రీ మంచి పిల్లే, మంచి ఈతగత్తే. వాళ్ళ నాన్న బసవపున్నయ్య సంగతే వేరు. వరి పొలాలు తవ్వి రొయ్యల చెరువులు చేసిన మోతుబరి. మడపాలెం నుంచి నదిలోకి పోయే కాలవకి అటూ ఇటూ ఆయన చెరువులే. తొంభై ఏడులో ఆ కాలవకి అడ్డంగా గట్టు పోయించి, నీళ్ళన్నీ చెరువులకి తిప్పుకున్నాడు. పడవలు నదిలోకి పోయే దారి అక్కడితో మూసుకుపోయింది. మగాళ్ళు నలుగురేసి పడవల్ని భుజాల మీద మోసుకుని గట్లమ్మట మైలున్నర నడిచేవాళ్ళు. అర్జీలు పెట్టారు, ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీశారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ బసవపున్నయ్యే కృష్ణవేణి ఈత సంఘానికి అధ్యక్షుడు.

తొంభై ఎనిమిది సెప్టెంబరులో సంఘం ఒక పోటీ పెట్టింది. పులిగడ్డ నుంచి నాగాయలంక దాకా నదిలో ఈదాలి. గెలిచిన ఒక్క ఆడపిల్లని బెంగాల్లో గంగ మీద జరిగే ఎనభై కిలోమీటర్ల ఈతకి పంపుతారు. అక్కడ పేరు తెచ్చుకుంటే రైల్వేలో ఉద్యోగం, దేశం మొత్తం మీద పోటీలు. నాంచారమ్మకి పద్దెనిమిదేళ్ళు. ఆమె ఆరేళ్ళ నుంచి తెల్లారి అయిదింటికి లేస్తున్నదంతా ఆ ఒక్క పోటీ కోసం. పైగా అది సొంత నది, సొంత పడవ. గెలుపు జేబులో ఉన్నట్టేనని మణికుమార్ నలుగురితో చెప్పుకున్నాడు కూడా.

ఆ రోజు బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్నాయి. కృష్ణ ఎర్రగా, ఒడ్డులొరుసుకుంటూ దిగుతోంది. మొదటి రెండు గంటల్లోనే నాంచారమ్మ అందర్నీ కిలోమీటరు వెనక వదిలేసింది. మాస్టారు ఎక్కిన లాంచీ చివరి పిల్లలకి కాపలాగా ఎక్కడో వెనకుండిపోయింది. నాగాయలంక ఇంకో గంటన్నర ఉందనగా నది మధ్యలో పెద్ద తిప్ప వస్తుంది. తిప్పకి కుడి పాయలో వరద ఉరుకుతుంది, అందులో పడితే నీళ్ళే మోసుకుపోతాయి. ఎడమ పాయ మేట వేసింది. వరద అందులోకి దిగదు సరికదా, కింది నుంచి సముద్రపు పోటు ఎదురుతన్నుతుంది. ఈ తేడా మడపాలెంలో ఊయల్లో పిల్లకి కూడా తెలుసు.

నీళ్ళలో ఉన్న మనిషికి మాత్రం ఎటు చూసినా మడచెట్లే. నాంచారమ్మ పడవని చూసుకుంటూ పోయింది. కాసేపటికి చేతికి నీళ్ళు బరువుగా తగిలాయి. ఇంకాసేపటికి నోట్లో ఉప్పగా తగిలింది. వరద రోజుల్లో కుడి పాయలో ఉప్పు తగలడమేమిటి? పోలరాజు గ్లూకోజు సీసా కర్రకి కట్టి అందించినప్పుడు వెల్లకిలా తిరిగి అడిగింది.

"నాన్నా, నీళ్ళు ఉప్పగా ఉన్నాయేంటి?"

"పోటు తొందరగా ఎక్కిందమ్మా. తల దించి ఈదు."

తల దించి ఈదింది! సముద్రం పక్కన పుట్టిన పిల్ల, నీళ్ళు నాలిక మీద వేసుకుని ఎక్కడివో చెప్పగల పిల్ల, సొంత నాలికని కాదని తండ్రి మాట నమ్మింది. నమ్మకేం చేస్తుంది? ఒక్కసారి తల ఎత్తి చూసి ఉంటే తెలిసిపోయేది. తండ్రి పడవలో ఉండగా తల ఎత్తి చూడటమంటే ఆయన్ని అనుమానించడమే. ఆ ఆలోచన ఆమెకి రానే రాలేదు.

నాగాయలంక రేవులో ఆమె చెయ్యి గట్టుకి తగిలేసరికి పద్మశ్రీ అప్పటికే తువ్వాలు కప్పుకుని నిలబడి ఉంది. తేడా పదకొండు నిమిషాలు. మణికుమార్ నెత్తి కొట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ పోలరాజు గారూ? కిలోమీటరు ముందున్న పిల్ల ఇలా ఎలా అయింది? ఏ పాయలో వచ్చారు?"

"కుడి పాయలోనేనండి. చివర్లో పిల్ల చెయ్యి పడిపోయిందండి," అన్నాడు పోలరాజు.

ఆ మాట నాంచారమ్మ చెవిన పడింది. తన చేతుల వంక చూసుకుని ఏడ్చింది.

నాలుగో రోజున మడపాలెం కాలవకి అడ్డంగా ఉన్న గట్టు తెగింది. బసవపున్నయ్య మనసు మారిందన్నారు. డప్పులు మోగాయి, పడవలకి పసుపు రాశారు. నాంచారమ్మని మొదటి పడవలో కూర్చోబెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, ఆడవాళ్ళంతా వంతులవారీగా బుగ్గలు పుణికారు. "ఓడిపోయినదానికి దండలెందుకే?" అంటే ఒక ముసలమ్మ ఆమెని కావలించుకుని భోరుమంది. ఎంత మంచివాళ్ళు నా ఊరివాళ్ళు, నా ఓటమిని కూడా తమదనుకున్నారు అని ఆ పిల్ల ఉబ్బితబ్బిబ్బయింది. ఈ సంగతి తలుచుకుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత మూడేళ్ళూ నాంచారమ్మ పదకొండు నిమిషాల కోసం ఈదింది. పద్మశ్రీ బెంగాల్ వెళ్ళి ఎక్కడో చివర్లో వచ్చి, ఈత మానేసి, పెళ్ళి చేసుకుని గుంటూరు వెళ్ళిపోయింది. నాంచారమ్మ మాత్రం ఎక్కడో తన చేతుల్లో ఒక లోపం ఉందని, చివరి గంటన్నరలో అది బయటపడుతుందని గట్టిగా నమ్మింది. మణికుమార్ కూడా నమ్మాడు. రోజూ నాలుగు గంటల ఈత ఆరు గంటలయింది. చేతులకి రబ్బరు పట్టీలు కట్టుకుని ఈదింది, నడుముకి బరువు కట్టుకుని ఈదింది. ఎంత చేసినా ఆ లోపం ఎక్కడుందో దొరకలేదు. లేనిది ఎక్కడ దొరుకుతుంది?

రెండు వేల ఒకటిలో, కొలనులో ఈదుతుండగానే, కుడి భుజంలో ఏదో పటుక్కుమంది. డాక్టరు ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసి, "ఈ భుజాన్ని గొడ్డులా వాడేశారమ్మా. ఇంక పోటీల మాట మర్చిపోండి," అన్నాడు. ఆపరేషను అయింది. చెయ్యి భుజం ఎత్తుకి మించి లేవకుండా పోయింది. ఆమెకప్పటికి ఇరవై ఒక్కేళ్ళు.

మణికుమార్ పుణ్యాన అదే కొలనులో పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం దొరికింది. రెండు వేల నాలుగు పుష్కరాలప్పుడు ఘాట్ దగ్గర డ్యూటీ వేస్తే, ఒంటిచేత్తో ముగ్గుర్ని ఒడ్డుకి లాగింది. పేపర్లో రెండోసారి ఫోటో పడింది. ఆ పైన ఏడాది వేసవిలో, కొలను గేటు దగ్గర ఒకామె నాలుగేళ్ళ కూతుర్ని చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఒళ్ళు చేసినా నాంచారమ్మ గుర్తుపట్టింది.

"పద్మా! నువ్వా? పాపకి ఈత నేర్పించడానికా?"

"కాదు నాంచారీ. నీకు థాంక్స్ చెబుదామని వచ్చాను. ఏడేళ్ళు ఆలస్యమైంది." పద్మశ్రీ పాపని దగ్గరికి లాక్కుంది. "నాన్న పోయి మూడు నెలలైంది. పోయే ముందు చెప్పాడు. మీ ఊరి కాలవ కోసం నువ్వూ మీ నాన్నా ఎడమ పాయలోకి పోయి నన్ను గెలిపించారట కదా. నా మెడల్ నాది కాదని తెలిసి రెండు రోజులు అన్నం తినలేదు. కానీ ఊరి కోసం నువ్వంత పని చేశావంటే నీకు దణ్ణం పెట్టాలి."

నాంచారమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అవును," అంది. ఎందుకన్నదో తనకే తెలియదు. "అవును పద్మా. ఊరి కోసమే," అని, పాప తల నిమిరి, లోపలికి వచ్చి బట్టలు మార్చుకునే గదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. నాలిక మీద ఉప్పు, మెడలో దండ, ముసలమ్మ ఏడుపు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి సరిగ్గా తమ చోట్లలో కూర్చున్నాయి. ఊరంతటికీ తెలుసు. తెలియనిది ఈదినదానికొక్కదానికే.

మర్నాడు పొద్దున్న బస్సెక్కింది. ఉయ్యూరు, చల్లపల్లి, అవనిగడ్డ అన్నీ దాటాయి గానీ ఆమె కళ్ళకి ఒక్కటీ ఆనలేదు. మడపాలెం చేరేసరికి పదకొండయింది. పోలరాజు రేవులో పడవ బోర్లించి తారు పూస్తున్నాడు. కూతుర్ని చూడగానే మొహం వెలిగింది.

"ఏవమ్మా, చెప్పా పెట్టకుండా వచ్చావు? ఒంట్లో బాగానే ఉందా?"

"నాన్నా, ఆ రోజు నన్ను ఏ పాయలో తీసుకెళ్ళావు?"

కుంచె ఆగిపోయింది. ఏ రోజని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఆమెకి కాస్తంత ఆశ మిగిలేది.

"ఎవరు చెప్పారు?"

"పద్మశ్రీ. నాకు థాంక్స్ చెప్పడానికి వచ్చింది. నేనూ నువ్వూ కలిసి చేశామనుకుంటోంది."

పోలరాజు పడవ పక్కన చతికిలబడ్డాడు. ఏడాదిన్నరగా పడవలు మోసి మగాళ్ళ భుజాలు కాయలు కాశాయని చెప్పాడు. పద్మశ్రీ గెలిస్తే నాలుగు రోజుల్లో గట్టు కొట్టిస్తానని బసవపున్నయ్య కబురు పెట్టాడని, పెద్దలు కూర్చుని కట్టుబాటు చేశారని చెప్పాడు. "నేను కాదంటే మనింటిని వెలి వేస్తారమ్మా. డెబ్భై ఇళ్ళ కూడు నా గెడ మీద పెట్టారు."

గొడవ విని రావమ్మ ఇంట్లోంచి వచ్చింది. సంగతేమిటో అడగకుండానే అర్థం చేసుకుంది. "ఎప్పుడో అయిపోయినదాన్ని ఇప్పుడెందుకే తవ్వుతావు? ఊరు బాగుపడలేదా?" అంది. నాంచారమ్మ తల్లి వంక ఒకసారి చూసింది. ఈమెకి కూడా తెలుసన్నమాట. మళ్ళీ తండ్రి వైపే తిరిగింది.

"కాలవ లేకపోతే ఊరు చస్తుందని నాకు తెలీదా నాన్నా? నేనీ ఊరిదాన్ని కాదా? నన్ను అడిగుంటే నేనే ఓడిపోయేదాన్ని కదా!"

"తెలుసు," అన్నాడు పోలరాజు. "అడిగితే తల ఊపేదానివని తెలుసు. అందుకే అడగలేదు. గెలవగలిగిన పిల్లవి నీ అంతట నువ్వు ఓడిపోతుంటే పక్కన కూర్చుని చూసే గుండె నాకు లేదమ్మా. ఆ పాపమేదో నా మీద వేసుకుందామనుకున్నాను."

"నీ మీద వేసుకోలేదు నువ్వు. నా చేతుల మీద వేశావు. పిల్ల చెయ్యి పడిపోయిందండి అని మాస్టారికి చెప్పింది నువ్వే. నేను నమ్మాను. మూడేళ్ళు పిచ్చిదానిలా ఈదాను. రాత్రిళ్ళు కలలో కూడా పదకొండు నిమిషాలే. నేను సెలవలకి వచ్చినప్పుడల్లా నొప్పంటే ఈ భుజానికి నూనె రాసింది ఎవరు? నువ్వు కాదూ? రాస్తున్నప్పుడైనా, ఇంక చాలమ్మా, నీ చేతుల్లో ఏ లోపం లేదు అని ఒక్క ముక్క అనకపోయావు. కాలవ అప్పటికే వచ్చేసింది కదా నాన్నా. గట్టు తెగిపోయింది కదా. ఇంక దాచడం ఎవరి కోసం?"

"కట్టుబాటు..." అన్నాడు పోలరాజు.

"ఊరికి కాలవ ఇమ్మంటే ఇచ్చేదాన్ని. బెంగాల్ పోకపోయినా బతికేదాన్ని. నా భుజం మాత్రం ఊరికి అక్కర్లేదు. అది ఊరికే పోయింది."

కుడి చెయ్యి ఎత్తి చూపించింది. భుజం దాకా లేచి అక్కడే ఆగింది. పోలరాజు లేచి, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ ఆ భుజం పట్టుకోబోయాడు. నాంచారమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.